కడుపులో గొంతు

కిందటి వారం లిఫ్టు మెకానిక్‌ను పెద్ద డాక్టరు గది గుమ్మంలో వదిలి వచ్చాం. మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. అతని భార్య డ్రైవింగ్ టీచరు. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆవిడే. కొన్నాళ్ళుగా ఆవిడ కడుపు ఉబ్బుతోంది, మనిషి మాత్రం చిక్కిపోతోంది. స్కానింగులో కుడి అండాశయం మీద కొబ్బరికాయంత గడ్డ కనబడింది. కడుపులో నీరు, ఊపిరితిత్తి చుట్టూ నీరు. రక్తపరీక్షలో క్యాన్సర్‌ను అనుమానింపజేసే అంకె ఉండాల్సినదానికి ఎన్నో రెట్లుంది. చూసిన ప్రతి డాక్టరూ తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ మాత్రం పెద్ద డాక్టరు దగ్గర ఒక మాట పుచ్చుకుంది. గడ్డ తీయండి, ముక్క పక్క గదికి పంపండి, అది క్యాన్సరేనని అక్కణ్ణుంచి కబురు వస్తే సరే, రానంతవరకు ఎడమ అండాశయాన్నీ గర్భసంచినీ ముట్టుకోవద్దు, నాకు పిల్లలు కావాలి అంది. ఆయన సరేనన్నాడు. ఆవిడను లోపలికి తీసుకెళ్ళే ముందు, ఆవిడకు తెలియకుండా, మొగుడు ఒంటరిగా ఆయన దగ్గరికి వెళ్ళాడు. "ఏ కబురు కోసమూ ఆగకండి డాక్టరుగారూ. అన్నీ తీసేయండి. నాకు మనిషి దక్కితే చాలు," అన్నాడు. పెద్ద డాక్టరు ఔననలేదు, కాదనలేదు, చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడా పక్క గదిలోకి వెళదాం.

రెండు ఆపరేషన్ థియేటర్లకు మధ్య ఇరుక్కున్న గది అది. రెండింటికీ కలిపి ఒకటే కిటికీ. అటునుంచి నర్సు డబ్బా పెడుతుంది, ఇటునుంచి టెక్నీషియన్ అందుకుంటాడు. ముక్కను అప్పటికప్పుడు గడ్డకట్టించి ఉల్లిపొర కంటే పలచగా కోసే యంత్రం, రంగుల సీసాలు, మైక్రోస్కోపు, దాని ముందు స్లైడ్ల డాక్టరు. రోగుల ముఖం చూడకుండా రోగాల పేర్లు చెప్పే డాక్టరన్నమాట. "మా కోడలు డాక్టరే గానీ మందులిచ్చే డాక్టరు కాదు," అని ఆవిడ అత్తగారు చుట్టాలకు సంజాయిషీ చెప్పుకుంటూ ఉంటుంది.

డబ్బా మూత తీసినప్పుడే స్లైడ్ల డాక్టరుకు చిన్న అనుమానం తగిలింది. చెడ్డ గడ్డను కోస్తే తెల్లగా, పెళుసుగా, అక్కడక్కడా కుళ్ళినట్టు ఉంటుంది. ఇది తేనె రంగులో, నిగనిగలాడుతూ, ముట్టుకుంటే వేలికి జిగురు అంటుకునేలా ఉంది. సరే, గడ్డలన్నీ ఒక్క తీరున ఉండాలని ఎక్కడుంది అనుకుని ముక్క కోయించింది. రంగు వేసిన స్లైడు వచ్చింది. కన్ను పెట్టింది. తీసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టింది.

గుండ్రటి తిత్తులు. ఒకదాని పక్కన ఒకటి, పెద్దవీ చిన్నవీ. ప్రతి తిత్తి నిండా గులాబీ రంగు జిగురు, దాని చుట్టూ బుద్ధిగా ఒకే వరసలో కూర్చున్న కణాలు. తోసుకోవడాలు లేవు, ఒకదానిమీద ఒకటి ఎక్కడాలు లేవు. ఉద్యోగంలో చేరిన రోజునుంచి ఆవిడ రోజూ చూస్తున్న బొమ్మే. నిద్రలో లేపి చూపించినా పేరు చెప్పేస్తుంది. కానీ ఇక్కడ ఆ పేరు నోటికి రాలేదు.

"ఇది ఏ డబ్బాలోది?"

"ఒకటో థియేటరు మేడమ్. కుడి అండాశయం," అన్నాడు టెక్నీషియన్.

"రెండో థియేటర్లో ఇవాళ ఏం ఆపరేషన్?"

"గొంతు మేడమ్. థైరాయిడ్."

స్లైడు మీద ఉన్నది థైరాయిడ్. మెడ ముందుభాగంలో, గొంతును ఆనుకుని ఉండాల్సిన గ్రంథి. పక్క థియేటర్లో గొంతు ఆపరేషన్. రెండింటికీ ఒకటే కిటికీ. డబ్బాలు తారుమారయ్యాయా? అయితే క్యాన్సర్ ముక్క ఎక్కడో గొంతు పేరుతో పడి ఉంది, తను ఇక్కడ గొంతు ముక్కను చూసి, క్యాన్సర్ లేదు, అమ్మాయి కడుపు కుట్టేయండి అని చెప్పబోతోంది. ఈ వృత్తిలో ఇంతకంటే పెద్ద తప్పు లేదు.

ఫోను చేసింది. థియేటర్లో ఫోను స్పీకరు మీద ఉంటుంది, లోపల అందరికీ వినబడుతుంది.

"సార్, ముక్కలో క్యాన్సర్ కనబడట్లేదు. థైరాయిడ్ కనబడుతోంది."

అటునుంచి పెద్ద డాక్టరు గొంతు వచ్చింది.

"ఏం కనబడుతోంది?"

"థైరాయిడ్ సార్."

"నేను కోసింది కడుపమ్మా. మెడ కాదు."

ఎవరో కిసుక్కుమన్నారు. పెద్ద డాక్టరు నవ్వలేదు. "డబ్బాలు మార్చేశారు మీరు. పక్కవాళ్ళ గొంతు తెచ్చి నా పేషెంటుకు అంటగడుతున్నారు. నా డబ్బా వెతుకు."

"వెతుకుతాను సార్. నేను కనుక్కుని చెప్పేదాకా దయచేసి ఆగండి."

"పేషెంటు గుండె పరుగులు పెడుతోంది, కడుపు తెరిచి ఉంది. ఆలస్యం అమృతం విషం అన్నారమ్మా."

ఫోను పెట్టేశారు. ఆయన చెడ్డవాడని మీరనుకుంటే పొరపాటు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, అంతే. ఆయన చేతి చలవ వల్ల బతికి బట్టకట్టినవాళ్ళు ఊరంతా ఉన్నారు. ఒకసారి ఇలాగే పక్క గది మాట కోసం ఆగి, సగం తీసి సగం వదిలేసి, ఒక పేషెంటును పోగొట్టుకున్నాడు. ఆ భయం ఆయన్ను వదల్లేదు.

*

బయట వరండాలో లిఫ్టు మెకానిక్ కుర్చీలో కూర్చోలేకపోయాడు. అదృష్టమో దురదృష్టమో, అదే సమయానికి ఆస్పత్రి లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల్నుంచి ఎవరో తలుపు బాదుతున్నారు. ఆస్పత్రివాళ్ళు కంపెనీకి ఫోను చేసి, వస్తున్నాం అనే జవాబుతో నిలబడ్డారు. మనవాడు వినలేకపోయాడు. మిద్దె మీది మోటారు గదికి వెళ్ళి, బ్రేకు వదిలించి, చక్రం చేత్తో తిప్పుకుంటూ లిఫ్టును ఈ అంతస్తుకు లాక్కొచ్చాడు. తలుపు తెరిచే తాళంచెవి చేత్తో పట్టుకుని కిందికి దిగి వచ్చాడు.

"కట్టుకున్నది లోపల కత్తి కింద ఉంటే నీకు లిఫ్టు బాగుచెయ్యాలా?" అంది వదిన. డ్రైవింగ్ టీచరుకు తోడబుట్టిన అక్క.

"ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోంది వదినా."

అప్పుడే ఒకటో థియేటరు తలుపు తెరుచుకుని నర్సు బయటికి వచ్చింది. ముఖానికి గుడ్డ, కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అలమరలోంచి దూదికట్టలు తీసుకుంటోంది. అక్క ఒక్క అంగలో ఆమె ముందుకు వెళ్ళింది.

"ఏమ్మా, లోపల ఎలా ఉంది?"

"ఇంకేం లేదండీ," అంది నర్సు. లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటికే లోపల పెద్ద డాక్టరు చెయ్యి పెట్టి కాలేయం, పేగులు, పొట్టలోని పొరలు అన్నీ తడిమి చూశాడు. గడ్డ తప్ప ఎక్కడా ఇంకేం లేదు. థియేటర్లో ఆ మాటకు అదీ అర్థం. అంతకంటే మంచివార్త ఆ తలుపు దాటి బయటికి రాదు. పాపం ఆ పిల్లకు అది వరండాలో ఎలా వినబడుతుందో తోచలేదు. చావుబతుకుల దగ్గర కాపలా కూర్చున్న మనిషికి ఇంకేం లేదంటే ఒకటే అర్థం.

అక్క గోడకు జారగిలబడి నేలమీద కూర్చుండిపోయింది. ఏడుపు కూడా రాలేదు. లిఫ్టు మెకానిక్ నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. లిఫ్టు లోపల్నుంచి తలుపు బాదుతూనే ఉన్నారు. అతని చేతులు వాటంతట అవే కదిలి, తాళంచెవి పెట్టి, లిఫ్టు తలుపు పక్కకు లాగాయి. ఏం చేస్తున్నాడో అతనికి తెలియదు.

లోపల చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ, వెనకాల చెమటలు కక్కుతున్న వార్డు ఆయా.

సరిగ్గా అప్పుడు స్లైడ్ల డాక్టరు పక్క గదిలోంచి విసురుగా వచ్చింది. రెండో థియేటరు వాళ్ళను అడిగితే, "మా దగ్గర్నుంచి మీకు ముక్కేం రాలేదు మేడమ్, అసలు పేషెంటే ఇంకా రాలేదు," అన్నారు. చెవులతో విన్నది చాలలేదు ఆవిడకు. ఇది కళ్ళతో చూడాల్సిన విషయం.

"ఈవిడెవరు?"

"రెండో థియేటరుకండీ. గొంతు ఆపరేషను. లిఫ్టులో ఇరుక్కుపోయి ఇప్పుడే బయటపడ్డాం," అంది ఆయా.

స్లైడ్ల డాక్టరు వరండాలోనే మోకాళ్ళమీద కూర్చుని పెద్దావిడ మెడ తడిమింది. నిమ్మకాయంత గడ్డ. చర్మం మీద గీత కూడా లేదు.

"మిమ్మల్ని ఇంకా కొయ్యలేదుగా?"

"ఇంకెప్పుడు కోస్తారమ్మా? పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. మీరు కోసేలోపు ఆకలితోనే పోయేట్టున్నాను."

ఆ మాటకు స్లైడ్ల డాక్టరు పెద్దావిడ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. పెద్దావిడ నోరెళ్ళబెట్టింది. ఆస్పత్రిలో పిచ్చివాళ్ళను డాక్టర్లుగా పెట్టారనుకుని ఉంటుంది. ఈ గొంతు ఇక్కడ చెక్కు చెదరకుండా ఉంటే, స్లైడు మీది గొంతు ఇంకెవరిది? ఆ అమ్మాయిదే. ఆమె కడుపులోనే పుట్టింది. స్లైడ్ల డాక్టరు లేచి ఒకటో థియేటరు వైపు పరుగెత్తింది. ఇంకేం లేదు అన్న మాటతో రాయిలా నిలబడిపోయిన మనిషికి ఒక్క ముక్క చెప్పి వెళ్ళాలని ఆవిడకు తట్టలేదు. ఆ మనిషి ఎవరో ఆవిడకు తెలిస్తే కదా.

*

టోపీ, గుడ్డ, గౌను తొడుక్కుని ఆవిడ థియేటర్లోకి అడుగుపెట్టేసరికి లోపలివాళ్ళందరూ తలెత్తి చూశారు. స్లైడ్ల డాక్టరు ఇక్కడికి రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"డబ్బా మారలేదు సార్. పక్క థియేటర్లో ఇంకా కత్తి పట్టలేదు. ఆ పేషెంటు మెడ తడిమి వస్తున్నాను."

పెద్ద డాక్టరు తల తిప్పలేదు. ఆవిడ ట్రేలో ఉన్న గడ్డ దగ్గరికి వెళ్ళింది. కత్తి అడిగి తీసుకుని అందరూ చూస్తుండగా నడిమికి కోసింది. మళ్ళీ అదే తేనె రంగు, అదే జిగురు. లైటు కింద మెరిసింది.

"ఇలాంటి క్యాన్సర్ మీరెప్పుడైనా చూశారా సార్?"

ఆయన ఇప్పుడు చూశాడు. చాలాసేపు చూశాడు.

"అండాశయంలో పుట్టే కొన్ని గడ్డల్లో వెంట్రుకలు, పళ్ళు మొలవడం మనం చూస్తూనే ఉంటాం. ఇది వాటికి చుట్టమే. వెంట్రుకలూ పళ్ళూ మానేసి మొత్తం థైరాయిడే తయారుచేసింది. దీన్ని స్ట్రుమా అంటారు. చాలా అరుదు. నేనూ ఇవాళ్టిదాకా పుస్తకంలోనే చూశాను."

"మరి కడుపులో నీరు? ఊపిరితిత్తి పక్కన నీరు? ఆ అంకె సంగతేంటి? అన్నీ అబద్ధాలేనా?"

"అబద్ధాలు కావు సార్. మంచి గడ్డలు కూడా ఒక్కోసారి నీరు పట్టిస్తాయి, ఆ అంకెను పెంచేస్తాయి. క్యాన్సర్ వేషం వేస్తాయి. మనం వేషం చూశాం."

తలవైపు కూర్చున్న మత్తు డాక్టరు మెల్లగా కల్పించుకుంది. "పొద్దుట్నుంచి గుండె ఎందుకిలా కొట్టుకుంటోందా అని నేను తల బద్దలుకొట్టుకుంటున్నాను. భయం అనుకున్నాను. ఈమె చేతులు వణికేవట, గేరు మార్చలేకపోయేదట. తిన్నది ఒంటపట్టక చిక్కిపోయింది. అదంతా థైరాయిడ్ ఎక్కువైనవాళ్ళ లక్షణం కాదూ? మెడ మామూలుగా ఉందని మనమెవరమూ ఆ పరీక్ష చేయించలేదు."

ఇంతమంది డాక్టర్లు, ఇన్ని స్కానింగులు. గొంతు లక్షణాలు కళ్ళెదుట కనబడుతుంటే, గొంతు కడుపులో ఉంటుందని ఒక్కరికీ ఊహ తట్టలేదు. తట్టనందుకు వాళ్ళను తిట్టలేం కూడా.

"నువ్వు నూటికి నూరుపాళ్ళు చెప్పగలవా?" అన్నాడు పెద్ద డాక్టరు.

"చెప్పలేను. గడ్డ మొత్తం చూడాలంటే వారం పడుతుంది. ఇలాంటిదాంట్లోనూ ఎప్పుడో ఒకసారి ఒక మూల క్యాన్సర్ దాక్కోవచ్చు. కానీ నేను చూసినంతవరకు లేదు."

"నువ్వు తప్పయితే?"

"నేను తప్పయితే వారం తర్వాత మళ్ళీ తెరిచి తీయొచ్చు సార్. మీరు తప్పయితే, తీసేసింది మళ్ళీ పెట్టలేరు."

పెద్ద డాక్టరు చేతులు కడుపులో అలాగే ఉన్నాయి. అప్పుడు చూసింది స్లైడ్ల డాక్టరు ఆ చేతులు ఏ వైపు ఉన్నాయో. కుడివైపు పని ఎప్పుడో అయిపోయింది. ఆయన చేతులు ఎడమవైపు ఉన్నాయి.

"సార్, ఎడమవైపు ఏం చేశారు?"

"క్లాంపు వేశాను," అన్నాడాయన. "అండాశయానికి రక్తం తెచ్చే నాళం మీద. నువ్వు డబ్బాలు మారాయేమో చూస్తానన్నప్పుడు. కొయ్యలేదు ఇంకా. కొయ్యబోతున్నాను."

"మాట వచ్చేదాకా ఆగుతానని ఆమెకు చెప్పారట కదా?"

"చెప్పాను. పొద్దున మొగుడొచ్చి ఇంకో మాట చెప్పాడు. ఆగొద్దన్నాడు. నీ కబురేమో గందరగోళంగా ఉంది. నాకు ఆ మాటే సబబనిపించింది."

క్లాంపు అంటే ఉక్కు పటకారు. దాని పళ్ళ మధ్య నాళం నలిగిందంటే రక్తం ఆగిపోయినట్టే. ఆయన మారుమాట్లాడకుండా దాన్ని విప్పాడు. వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ అడిగి అండాశయం మీద కప్పాడు. జీవితమంతా కత్తి పట్టిన మనిషి, చేతులు కట్టుకుని, ఏమీ చెయ్యకుండా నిలబడ్డాడు. కాసేపటికి గుడ్డ ఎత్తి చూశాడు. ఇంకా నేరేడుపండు రంగే, రక్తం ఎక్కలేదు. మళ్ళీ కప్పాడు.

*

పెద్ద డాక్టరు చేతులు గాల్లోకి ఎత్తి పట్టుకుని థియేటరు తలుపు దగ్గరికి వచ్చాడు. నర్సు తలుపు తెరిచి పట్టుకుంది. లిఫ్టు మెకానిక్‌ను పిలిచింది. అతను నడిచి వచ్చాడు గానీ ఆ నడక నడకలా లేదు. అక్క వెనకే వచ్చింది.

"అది క్యాన్సర్ కాదంటున్నారు మా స్లైడ్ల డాక్టరు. నాకూ కాదనే అనిపిస్తోంది," అన్నాడు పెద్ద డాక్టరు.

లిఫ్టు మెకానిక్ ఆయన నోటివైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంకేం లేదు అన్నారు కదా? అన్నది వీళ్ళే కదా? అక్క అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మరి ఇంకేం లేదన్నారు?" అంది అక్క.

"ఇంకెక్కడా గడ్డలు లేవని చెప్పానండీ," అంది నర్సు. అనగానే ఆ పిల్లకు విషయం అర్థమై నాలుక్కరుచుకుంది.

"అయితే మా చెల్లెలు బాగుందా?"

"బాగుంది. గడ్డ తీసేశాం. ప్రాణానికి ఢోకా లేదు."

అక్క కళ్ళనీళ్ళు ధారగా కారిపోయాయి. లిఫ్టు మెకానిక్ తలుపు చట్రం పట్టుకున్నాడు. సంతోషం కూడా ఒక్కసారిగా వచ్చిపడితే దెబ్బలాగే ఉంటుంది.

"కానీ," అన్నాడు పెద్ద డాక్టరు. ఆయన అతని కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాడు. "పొద్దున మీరు నాకొక మాట చెప్పారు. దాన్ని పట్టుకుని నేను రెండోవైపుకు వెళ్ళాను. తీసెయ్యలేదు. తీసేముందు వేసే క్లాంపు వేశాను. ఇప్పుడు విప్పేశాను. కానీ రక్తం తిరిగి ఎక్కుతుందో లేదో తెలియట్లేదు. చూస్తున్నాం."

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది.

అక్క పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"ఏం మాట?" అంది.

అతను మూసిన తలుపువైపు చూశాడు.

"పొద్దున నువ్వాయనకు ఏం మాట చెప్పావు?"

"ఆగొద్దన్నాను. అన్నీ తీసేయమన్నాను." అన్నాడు. "అది చచ్చిపోతుందనుకున్నాను వదినా. నాకదొక్కతే కావాలి. పిల్లలు లేకపోయినా సరే అనుకున్నాను."

"అది అనుకుందా?"

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. అతనిది నోరు జారడం కూడా కాదు. బాగా ఆలోచించి, ప్రేమతో, ఆవిడ వెనకాల ఆవిడ మాటను చెరిపేసిన మాట.

"దానికి మెలకువ రాగానే అడిగేది ఒకటే. ఉంచారా అని. ఆ మంచం పక్కన ఉండాల్సింది నువ్వు. నేనుండను," అంది అక్క. ఆవిడ గొంతులో కోపం లేదు. అందుకే అతనికి ఎక్కువ భయం వేసింది.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. నర్సు. ఈసారి మాట పెదవి దాటేముందు ఆ పిల్ల ఒకటికి రెండుసార్లు ఆలోచించుకున్నట్టుంది.

"ఎడమ అండాశయం రంగు తిరగట్లేదండీ. ఇంకో పావుగంట చూస్తామన్నారు. అలాగే ఉంటే లోపల పాడవుతుంది, తీసేయడమే మంచిదని పెద్ద డాక్టరుగారు. ఉంచితే నాలుగు రోజుల్లో కోలుకోవచ్చు, తీయొద్దని స్లైడ్ల డాక్టరుగారు. ఇద్దరూ ఒక మాట మీదికి రావట్లేదు." ఆమె లిఫ్టు మెకానిక్ వైపు చూసింది. "ఆవిడ మత్తులో ఉన్నారు కదండీ. తీయాలో ఉంచాలో మిమ్మల్నే చెప్పమన్నారు."